అమ్మవారి ముందు పోసిన నల్ల పొడి

ఆ రోజు పంతులుగారు వేళకు వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా కాసేపు ప్రాణం హాయిగా ఉండేది. పాపం ఆయన శంషాబాద్ చుట్టుపక్కల గోదాములకూ, కార్ల షోరూములకూ, లారీ ఆఫీసులకూ ఒకే రోజు ఆయుధ పూజ చేస్తానని మాట ఇచ్చేసి, వానలో స్కూటర్ మీద తిరిగి తిరిగి మా దగ్గరికి చేరేసరికి భోజనాల వేళ దాటింది. ఆలస్యం ఆయనదే. డబ్బా మూత తీసింది మాత్రం నేను.

మాది బ్యాటరీల పని. ఈ మాట మా ఊళ్లో చెప్పిన పాపానికి నా దగ్గరికి రాని వస్తువు లేదు. నేను ఊరికి పోయానని తెలిస్తే చాలు, ఒకాయన ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి అరుగు మీద పెట్టి కూర్చునేవాడు. ఇంకొకామె కొంగు ముడిలోంచి ఫోన్ తీసి, "తమ్మీ, పొద్దుగాల నూరు చూపిస్తది, పగటికే సచ్చిపోతది. జర ఏమన్న మందెయ్యి" అనేది. నేను బ్యాటరీలు బాగు చేయనని, వాటిలోకి వెళ్లే ఒక నల్లటి పొడి తయారు చేస్తానని చెబితే, "గంతేనా!" అని ఫోన్ మళ్లీ కొంగున ముడేసుకునేది.

గంతే. విమానాశ్రయం దాటి తుక్కుగూడ వైపు వెళ్లే దారిలో, గోదాముల నడుమ ఉన్న ఒక చిన్న ప్రయోగశాలలో మేము ఆ పొడి చేస్తాం. నికెల్ ఎక్కువగా ఉండే పొడి. బ్యాటరీలో కాథోడ్ అనే వైపు అదే ఉంటుంది. ఎవరైనా ఓపిగ్గా వింటానంటే విమానాశ్రయం పార్కింగ్‌ను చూపించి చెబుతాను. పొడిలో ఒక్కో రేణువూ ఒక పార్కింగ్ స్థలం అనుకోండి. లిథియం అంటే అందులో ఆగి ఉన్న క్యాబ్‌లు. చార్జింగ్ పెడితే క్యాబ్‌లన్నీ బయటికి పోతాయి. బ్యాటరీని వాడుకుంటుంటే ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. అలా ఒకసారి పోయి రావడం ఒక సైకిల్. పోయి వచ్చిన ప్రతిసారీ నేల కొద్దిగా పగులుతుంది, గేటు దగ్గర కొంత చెత్త పేరుకుంటుంది, ఏవో కొన్ని క్యాబ్‌లు తిరిగి రావు. కొత్తలో రోజంతా నిలిచిన ఫోన్ తర్వాత తర్వాత మధ్యాహ్నానికే ఆరిపోవడం వెనక ఉన్నది ఈ బాధే. క్యాబ్‌లు వీలైనన్ని ఎక్కువసార్లు క్షేమంగా ఇల్లు చేరేలా చూడటం మా ఉద్యోగం.

ఈ పొడికి గాలి పడదు. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు తగిలితే దాని ఒంటి మీద ఉప్పులాంటి పొర ఒకటి కడుతుంది. ఆ పొర ఉన్న పొడితో చేసిన బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. అందుకే దాన్ని తేమ లేకుండా చేసిన ఒక ప్రత్యేకమైన గదిలో, బిగుతు మూతల డబ్బాల్లో దాచిపెడతాం. డ్రై రూమ్ అంటాం దాన్ని. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. "ఇది పురిటి బిడ్డ లాంటిది. మూత తీసి ముచ్చట్లు పెట్టుకోవద్దు" అంటాను. అది చెప్పేటప్పుడు నా గొంతు నాకే చాలా నచ్చేది.

మా జట్టులో ఒక అమ్మాయి ఉంది. నాకంటే వయసులో చాలా చిన్నది, చదువులో నాకంటే పెద్దది. డాక్టరేట్ చేసి వచ్చింది. వాళ్ల ఊరు తుక్కుగూడ అవతల. మా ఊళ్లు దగ్గర దగ్గరే కావడంతో నన్ను అన్నా అని పిలిచేది. వాళ్ల ఇంట్లో టమాటాలు, బంతిపూలు పండిస్తారు. చదువు అయ్యాక పుణె నుంచి ఉద్యోగం వస్తే వద్దనుకుని మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. "ఆదివారం పూట చేన్ల అడుగు పెట్టకుంటే నాకు సోమవారం బుర్ర పనిచెయ్యదన్నా" అన్నది కారణం అడిగితే. అంతకంటే మంచి కారణం నేను ఏ ఇంటర్వ్యూలోనూ వినలేదు.

ఆమె పట్టుకున్న పని పొడిని కడగడం. కొలిమిలోంచి వచ్చిన కొత్త పొడి మీద మిగులు లిథియం కొంత అంటుకుని ఉంటుంది. దాన్ని నీళ్లతో కడిగేయాలి. వినడానికి బియ్యం కడిగినంత తేలిక. కానీ బియ్యాన్ని ఇంకొకసారి కడిగితే పోయేదేమీ లేదు. దీన్ని కాస్త ఎక్కువ కడిగితే పైనున్న లిథియంతో పాటు లోపలిది కూడా నీళ్లలోకి దిగిపోతుంది. అంటే చెత్త ఊడుస్తూ క్యాబ్‌లను కూడా ఊడ్చేసినట్టు. తక్కువ కడిగితే మిగిలిందంతా తర్వాత గొడవ చేస్తుంది. ఈ రెంటికీ మధ్యనున్న సన్నటి దారి ఆమె కనిపెట్టింది. మంచులాంటి చల్లటి నీళ్లు, చకచకా కడగడం, వెంటనే వడకట్టడం, ఆరబెట్టడం. ఆ తర్వాత పైన సన్నగా బోరాన్ పూత పూసి మళ్లీ వేడి చేయడం. ఆ పొడితో చేసిన చిన్న చిన్న బిళ్ల సెల్‌లు మా యంత్రం మీద నెలల తరబడి చార్జ్ అవుతూ, ఖాళీ అవుతూ, పెద్దగా అలసిపోకుండా నడిచాయి.

బిళ్ల సెల్‌లు నడవడం వేరు, నిజమైన బ్యాటరీ నడవడం వేరు. సెల్‌లు తయారు చేసే ఒక కంపెనీ మా పొడితో పెద్ద సెల్‌లు చేసి పరీక్షిస్తానంది. దసరా సెలవులు అయిన వారానికి పొడి పంపాలి. అది గట్టెక్కితే ప్రాజెక్టు కొనసాగుతుంది, ఆ అమ్మాయి ఉద్యోగమూ కొనసాగుతుంది. లేకపోతే రెండూ ఆగిపోతాయి. మా డైరెక్టర్ గారు ఈ సంగతి దాచలేదు. "అమ్మా, నేను మాట ఇచ్చి తప్పలేను కాబట్టి మాట ఇవ్వడం లేదు" అని ఆమెకే ముందే చెప్పారు. ఆయనది కృష్ణా జిల్లా. కోపం వచ్చినా "అండీ" వదలరు.

పంపాల్సిన పొడి ఆమె తయారు చేసి, డబ్బాలో మూసి, డ్రై రూములో పెట్టి, సద్దుల బతుకమ్మకని ఊరికి వెళ్లింది. డైరెక్టర్ గారు విజయవాడ వెళ్లారు. ఆయుధ పూజ బాధ్యత నా మీద పడింది.

నాకు పూజలంటే అంత పట్టింపు లేదని నలుగురిలో అంటుంటాను. అయినా ఆ రోజు పొద్దున్నే మామిడాకులు కొన్నాను, బంతిదండలు కొన్నాను, బూడిద గుమ్మడికాయ కొన్నాను. కొలిమికి బొట్టు, మిక్సర్‌కు బొట్టు, జనరేటర్‌కు పెద్ద బొట్టు. వరండాలో బల్ల మీద అమ్మవారి పటం పెట్టి దీపం వెలిగించాం. బయట సన్నగా వాన. మా ఆఫీసు లెక్కలు చూసే అక్క అంతా ఒకసారి కలయజూసి అడిగింది:

"సార్, మిషన్లకు అన్నిటికి బొట్టు పెట్టినం. మరి అసలు సరుకేది?"

"లోపల డబ్బాలో ఉందక్కా."

"డబ్బాల ఉంటే అమ్మవారికి ఏం కనవడతది? మా అన్న కిరాణం దుకాణంల అయితే పప్పు, బియ్యం పళ్లెంల పోసి పెడతరు."

ఆమె అన్న దాంట్లో తప్పేమీ లేదు. పప్పు, బియ్యం గాలి తగిలితే పాడు కావు. పాఠాలు చెప్పేవాడిని నేను. కానీ ఆ రోజు నేను పాఠం చెప్పే మనిషిని కాను, పెద్దమనిషిని. సెలవు రోజుల్లో సంస్థ నా చేతుల మీద నడుస్తోందన్న ఉత్సాహం ఒకటి తలకెక్కింది. డ్రై రూములోకి వెళ్లి, ఆ డబ్బా తెచ్చి, ఇత్తడి పళ్లెంలో ఆకు వేసి, దాని మీద పొడి కుప్పగా పోశాను. కాటుక కొండలా ఉంది. కుంకుమ ఒక్క రేణువు కూడా అందులో పడకుండా బొట్టు పక్కన ఆకు మీద పెట్టాను. ఆ జాగ్రత్తకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

తర్వాత పంతులుగారి కోసం ఎదురుచూశాం. వాన పెరిగింది. అగరొత్తులు అయిపోతే మళ్లీ వెలిగించాం. ఆయనకు ఫోన్ చేస్తే, "వస్తున్నా నాయనా, జల్‌పల్లిలో ఉన్నా" అన్నారు. ఇంకోసారి చేస్తే ఇంకా జల్‌పల్లిలోనే ఉన్నారు. ఆయన వచ్చి, తల తుడుచుకుని, మంత్రాలు చదివి, గుమ్మడికాయ కొట్టించి, వెళ్లిపోయేదాకా పొడి పళ్లెంలోనే ఉంది.

అప్పుడైనా దాన్ని పారేసి ఉంటే సరిపోయేది. డబ్బాలో ఇంకా సరిపడా పొడి ఉంది. కానీ మా ఇంట్లో మిగిలిన గింజను పారేయడం ఎవరూ నాకు నేర్పలేదు. చేటలో బియ్యం ఏరాక పక్కన పడ్డవి కూడా మా అమ్మ మళ్లీ బస్తాలో పోసేది. నా చేతులు ఆ పనే చేశాయి. పళ్లెం వంచి, ఆకు దులిపి, పొడినంతా తిరిగి డబ్బాలో పోసి, గట్టిగా మూత బిగించి, డబ్బా ఊపి సమంగా సర్ది, డ్రై రూములో పెట్టి ఇంటికి పోయాను. మనసు నిండుగా ఉంది.

సెలవులు అయ్యాక ఆమె వచ్చింది. పొడి పంపే ముందు కొంచెం తీసి మేమే ఒకసారి ముద్ద కలిపి చూస్తాం. పొడిని జిగురుతోనూ ద్రావణితోనూ కలిపి దోసె పిండిలా జారుగా చేయాలి. దాన్ని రేకు మీద పల్చగా పూస్తే అది ఎలక్ట్రోడ్ అవుతుంది. ఆమె మిక్సర్ ఆపి గరిటె పైకి ఎత్తింది. పిండి జారలేదు. గరిటెతో పాటు ముద్దంతా కదిలింది. గిన్నెను పక్కకు వంచినా ఒలకలేదు.

"ఏందన్నా ఇది, జున్నులెక్క గడ్డకట్టింది?"

నాకు అర్థమైంది. ఆలోచించాల్సిన పని కూడా లేదు. పొడి మీద మిగులు లిథియం, ఉప్పు పొర పేరుకుంటే జిగురు ఇలాగే గడ్డకడుతుంది. నేను కొత్తవాళ్లకు చెప్పే పాఠంలో అది రెండో భాగం. కళ్ల ముందు ఇత్తడి పళ్లెం కనిపించింది. నోటి నుంచి మాత్రం, "అవును, జున్నులానే ఉంది" అన్న మాట వచ్చింది.

ఆమె పొడిని పరీక్షించింది. మిగులు లిథియం చాలా ఎక్కువ. మధ్యాహ్నం డైరెక్టర్ గారి గదిలో కూర్చున్నాం.

"ఏమైందంటారండీ?" అని ఆయన నన్ను అడిగారు. పెద్దవాణ్ణి నేనే కాబట్టి.

తెలియదు అనొచ్చు. ఉన్నది చెప్పొచ్చు. ఊరికే ఉండొచ్చు. నేను మూడూ చేయలేదు. "కడగడం సరిపోయి ఉండదండీ. ఎక్కడో తేడా వచ్చి ఉంటుంది" అన్నాను. చాలా మర్యాదగా, ఎవరి పేరూ ఎత్తకుండా అన్నాను. కడిగేది ఆ గదిలో ఒక్కరే.

"కడిగినంక నేను చూసిన సార్. తక్కువనే ఉండె" అంది ఆమె.

"మరి ఇప్పుడు ఎక్కువ ఎందుకు ఉందమ్మా?"

"గదే సమజైతలేదు."

డైరెక్టర్ గారు కంపెనీని అడిగి కొన్ని రోజులు గడువు తీసుకున్నారు. గడువు పెద్దదేం కాదు. మళ్లీ చేసి పంపాలి, లేదా వదులుకోవాలి.

ఆ తర్వాతి రోజులు నేను చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాను. ఆమె నీళ్లు మార్చింది. వడపోత కాగితాలు మార్చింది. తూకం సరిగ్గా ఉందో లేదో చూసింది. కొలిచే పరికరం తప్పు చూపించిందేమోనని దాన్ని సరిచేయించింది. మధ్యాహ్నం అందరితో కూర్చుని తినేది కాస్తా, టిఫిన్ డబ్బా తెరిచి నిలబడే రెండు ముద్దలు తిని లోపలికి పోయేది. ఒకసారి తన రెండు చేతులూ ముందుకు చాచి తిప్పి తిప్పి చూసుకోవడం కిటికీలోంచి కనిపించింది. నేను పక్కకు తప్పుకున్నాను.

లెక్కల అక్క ఎదురొస్తే ఫోన్ చెవికి పెట్టుకునేవాడిని. పూజ మాట ఎక్కడ ఎత్తుతుందోనని. ఆమె ఎత్తింది కూడా. అందరూ టీ తాగుతుంటే, "ఈసారి పూజ మంచిగైంది గాని, సార్‌కే జర దిష్టి తగిలినట్టుంది. మొఖం పీక్కపోయింది" అంది. నేను టీ కప్పు పట్టుకుని డాబా మీదికి పోయి, దిగుతున్న విమానాలను లెక్కపెడుతున్నట్టు నటించాను.

చెప్పడానికి ధైర్యం లేదు కాబట్టి, చెప్పాల్సిన అవసరమే లేకుండా చేద్దామనుకున్నాను. ఆదివారం ఆమె చేనుకు పోయే రోజు. నేను ప్రయోగశాలకు పోయాను. కొలిమిలోంచి వచ్చిన పొడి ఇంకొంత ఉంది. దాన్ని నేనే కడిగి, పూత పూసి, డబ్బాలో పెట్టేస్తే, సోమవారం పరీక్షిస్తే బాగుందని తేలుతుంది, మొదటిసారి ఏదో అయిందిలే అని అందరూ మరిచిపోతారు. నా తప్పును నేనే దొంగచాటుగా తుడిచేస్తే నేను మంచివాణ్ణే కదా అనిపించింది. చల్లటి నీళ్లు తీసుకున్నాను, పొడి పోశాను, తిప్పాను. అంతవరకూ బాగుంది. వడపోత దగ్గర కాగితం మూసుకుపోయింది. నీళ్లు దిగవు. గరాటాను తట్టాను, పంపు పెంచాను, కాగితం చిరిగింది. పొడంతా మళ్లీ నీళ్లలో పడింది. ఇంకో కాగితం పెట్టాను. ఆమె చేస్తుంటే టీ వడకట్టినట్టు ఉండే పని నా చేతిలో నాట్ల మడిలా తయారైంది. చివరికి ఆ పొడి నీళ్లలో నానాల్సిన దానికంటే ఎన్నో రెట్లు నానింది. నీళ్లను పరీక్షిస్తే లోపలి లిథియం బోలెడంత అందులోనే ఉంది. క్యాబ్‌లన్నీ మోరీలో కొట్టుకుపోయాయి.

ఇంటికి వెళ్లాను. ప్యాంటు మీద నల్లటి మరకలు చూసి మా ఆవిడ, "బొగ్గు బట్టీలో చేరినవా ఏంది?" అంది. జరిగింది చెప్పాను. నవ్వొచ్చేలా చెప్పాను. పంతులుగారి జల్‌పల్లి ముచ్చట, ఇత్తడి పళ్లెం, చిరిగిన కాగితం. ఆమె నవ్వుతూనే వింది, డైరెక్టర్ గారి గది దాకా. అక్కడ నవ్వు ఆపేసింది.

"పూజ నువ్వు చేసినవు. మాటలు ఆ పిల్ల పడ్డదా?"

"మాటలేం పడలేదు. ఎవరూ ఏమీ అనలేదు."

"నువ్వన్నవు గద."

నేను స్నానానికి పోయాను. మరకలు పోలేదు.

సోమవారం పొద్దున మళ్లీ డైరెక్టర్ గారి గది. ముందు రాత్రి కలలో కూడా నేను చెప్పేద్దామనే అనుకున్నాను, కానీ నిజం చెప్పాలంటే ఆ గదిలో కూర్చోగానే రేపు చెబుదాంలే అన్న ఆలోచన మళ్లీ వచ్చింది. ఆలోచన పూర్తయ్యేలోపే ఆ అమ్మాయి మాట్లాడింది.

"సార్, కడుగుడు బందు పెడదాం. ఏం తప్పు జరిగిందో నాకు దొరుకుతలేదు. దొరకంది మళ్లీ పంపితే అక్కడ కూడా గిట్లనే అయితది. కడగని పొడి మీదనే బోరాన్ జర ఎక్కువ పూసి పంపుదాం, పైనున్న లిథియం ఆ పూతకే పోతది. సెల్ ఆయుష్షు తక్కువొచ్చినా గడ్డ కట్టకుండ సూస్త."

డైరెక్టర్ గారు కళ్లజోడు తీశారు. "అంటే ఇన్నాళ్ల మీ పని వదిలేస్తానంటారా?"

"నాతోని కాలేదు సార్."

ఆ మాట నా చెవిలో పడ్డాక ఇక కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను. బడిలో ప్రశ్నకు జవాబు చెప్పేవాడిలా నిలబడే చెప్పాను. డబ్బా తెచ్చింది, పళ్లెంలో పోసింది, వాన, పంతులుగారి ఆలస్యం, తిరిగి డబ్బాలో పోసింది, ముద్ద గడ్డకట్టగానే నాకు తెలిసిపోయింది, ఈ కుర్చీలోనే కూర్చుని కడగడం మీదకు నెట్టింది, ఆదివారం వచ్చి ఇంకొంత పొడి పాడుచేసింది. అన్నీ.

డైరెక్టర్ గారు తీసిన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"నైవేద్యం పెట్టారాండీ?" అన్నారు డైరెక్టర్ గారు చివరికి. "కాథోడ్ పౌడర్‌ని?"

"అవునండీ."

"పెట్టినదాన్ని మళ్లీ డబ్బాలో పోశారు."

"పారేయబుద్ధి కాలేదండీ."

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. భుజాలు కదిలాయి. నవ్వో, కోపమో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. నేను మాత్రం ఆమె వైపు చూడాల్సి వచ్చింది.

"వారం సంది నేను నీళ్లను అనుమానించిన" అంది ఆమె. గొంతు పెంచలేదు. "కాగితాలను అనుమానించిన. తూకాన్ని అనుమానించిన. నా చేతులను అనుమానించిన. నిన్ను ఒక్కన్నే అనుమానించలే అన్నా."

"తప్పయిందమ్మా."

"పూజ చేసినందుకు నాకేం లేదు. మా ఇంట్ల మోటరుకు కూడ చేస్తం. నీళ్లు పోసి తడిపి మరీ చేస్తం. గా కుర్చీల కూసోని కడుగుడు సరిపోలేదని అన్నవు చూడు. గది."

లేచి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్లింది. ధడాలున వేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

డైరెక్టర్ గారు నాకు వేసిన శిక్ష ఒకటే. కంపెనీకి ఫోన్ నేనే చేయాలి, కారణం ఉన్నదున్నట్టు చెప్పాలి, గడువు ఇంకొంచెం అడగాలి. "కథలు అల్లకండి. ఈసారి ఏ కథ కంటే కూడా నిజమే నమ్మశక్యంగా లేదు, అయినా అదే చెప్పండి" అన్నారు.

చేశాను. అవతల పరీక్షలు చూసే ఆయన తెలుగువాడే. మొత్తం విన్నాడు. లైను పోయిందనుకున్నాను.

"ఉన్నారా అండీ?"

"ఉన్నా. మా దగ్గర పూత పూసే మిషన్‌కు నిమ్మకాయల దండ కట్టారు. అందులో ఒకటి తెగి రోలర్ కింద పడింది. రెండు రోజులు లైను ఆగింది. మా పైవాళ్లకు సాంకేతిక లోపం అని చెప్పాం." కొంచెం ఆగి, "మీరు చెప్పేశారు కాబట్టి, మీరు పంపేదాకా చూస్తాను" అన్నాడు.

ఆమె మళ్లీ చేసింది. నన్ను డ్రై రూములోకి రానివ్వలేదు. రావొద్దని ఎవరూ అనలేదు, కానీ నేను తలుపు దగ్గరికి వెళితే చాలు, ఆమె చేస్తున్న పని ఆపి నేను పోయేదాకా ఆగేది. కిటికీ అవతల నుంచి చూశాను. పొడి నీళ్లలో పడింది, ఇలా తిరిగింది, గరాటాలోకి దిగింది. టీ వడకట్టినట్టే. నేను చేసిన నాట్ల మడి గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. పంచుకోవడానికి ఎవరూ లేరు. పొడి తయారయ్యాక డబ్బా ఆమె దగ్గరే ఉంచుకుంది. కొరియర్ కుర్రాడికి కూడా స్వయంగా ఇచ్చింది. ముద్ద జారుగా కలిసిందని కంపెనీ నుంచి కబురు వచ్చిన రోజు ఆఫీసులో అందరికీ జిలేబీ పంచింది. నాకూ ఇచ్చింది. అందరికీ ఎంతో నాకూ అంతే.

ఆ తర్వాత చేయడానికి ఏమీ ఉండదు, ఎదురుచూడటం తప్ప. మా రంగంలో ఆయుష్షు కొలవాలంటే దాన్ని బతకనివ్వాలి, వేరే దారి లేదు. కంపెనీవాళ్ల సెల్‌లు రాత్రీ పగలూ నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటాయి. ఎన్ని సైకిళ్లకు ఎంత బలం మిగిలిందో అప్పుడప్పుడూ ఒక గీత గీసి పంపుతారు. ఆమె రాకముందు మేము చేసిన పాత పొడి గీత వాగులోకి దిగే బాటలా కిందికి పోతుంది. ఆమె పొడి గీత కూడా దిగుతుంది, దిగని గీత లేదు, కానీ హిమాయత్ సాగర్ కట్ట మీద నడుస్తున్నట్టు, ఎంత నడిచినా దిగుతున్నట్టు అనిపించదు. చలికాలం పోయింది. ఎండలు ముదిరాయి. గీత ఇంకా నడుస్తూనే ఉంది. "అద్భుతం అనలేం, కానీ వాడుకోవచ్చు. ఇంకో విడత చేయండి" అని కంపెనీ రాసింది. మా భాషలో అంతకంటే పెద్ద పొగడ్త ఉండదు.

డైరెక్టర్ గారు ఆమెను పిలిచి కాంట్రాక్టు పొడిగిస్తున్నామని చెప్పారు. నన్ను కూడా కూర్చోబెట్టుకుని చెప్పారు. "ఆయన కిందే పనిచేయడం మీకు ఇష్టమేనా? కాదంటే వేరేలా చూస్తాను. మొహమాటపడకండి."

నేను బల్ల మీది గాజు పలకను చూస్తున్నాను.

"చేస్త సార్" అంది ఆమె. "అన్న పని తెలిసిన మనిషి. కాకపోతే ఒక షరతు. నేను చేసిన పని గురించి ఈ గదిలో నేనే చెప్త. ఏదన్న తేడా వస్తే ముందు నన్ను అడుగుండ్రి."

"ఏమంటారండీ?" అని ఆయన నన్ను అడిగారు.

"మంచిదండీ" అన్నాను. ఇంకేదో అనాలనిపించింది. ఈమధ్య అలా అనిపించినప్పుడు నాలుక కొరుక్కోవడం అలవాటు చేసుకుంటున్నాను. ఇంకా పూర్తిగా రాలేదు.

ఆ షరతు మొదటిసారి అక్కరకొచ్చింది మొన్ననే. రెండో విడత పొడితో మేమే చేసి మా యంత్రం మీద పెట్టిన బిళ్ల సెల్‌లలో ఒకటి ఉన్నట్టుండి పడిపోయింది. గీత నిటారుగా కిందికి. మిగతావి బాగానే ఉన్నాయి, ఇదొక్కటే. డైరెక్టర్ గారు కాగితం బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ నా వైపు చూశారు. నా తలలో అప్పటికే నాలుగు కారణాలు వరుసలో నిలబడ్డాయి. నాలుగూ వినడానికి బాగుంటాయి. నాలుగింటిలో ఏదీ నేను చూసింది కాదు. నోరు తెరిచాను.

తెరిచి, ఆమె వైపు తిరిగాను.

ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"తెల్వదు సార్" అంది. "పోయి చూసి చెప్త."

ఆయన తలూపారు. గదిలో ఏమీ కూలిపోలేదు. ఆమె లేచి తలుపు దాకా వెళ్లి ఆగింది.

"వస్తవా అన్నా? సెల్ విప్పి చూడాలె, ఇద్దరు కావాలె."

డ్రై రూములోకి వెళ్లే ముందు వేసుకునే తెల్లటి కోటు నా కొక్కేనికి చాలా రోజులుగా వేలాడుతోంది. మెడ దగ్గర బొత్తాం పట్టలేదు, ఈమధ్య కొంచెం లావయ్యాను. "జల్ది రా" అంది ఆమె తలుపు పట్టుకుని. బొత్తాం వదిలేసి వెనకే వెళ్లాను.